మాదిరి వ్యాసం చెరిపివేసిన తరువాత

ఈ నాలుగు మాటలూ కొత్తగా ఉపాధ్యాయ వృత్తిలో అడుగుపెట్టిన వారికోసం రాస్తున్నాను. పదవీ విరమణ చేసినవారు తమ విజయాలను చెప్పుకుంటే వినేవారు ఆవులిస్తారని నాకు తెలియకపోలేదు. అందుచేత ముందుగా నా పొరపాటునే చెబుతాను. విజయం దాని వెనకాలే వచ్చింది గనుక దానిని దాచడం నాకు సాధ్యం కాదు.

ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు చెప్పాను. చివరి తొమ్మిదేళ్ళు పెనుకొండలో ఒక ఉన్నత పాఠశాలలో పనిచేశాను. ఇల్లు హిందూపురంలో. ఉదయం ప్యాసింజరు రైలులో వెళ్ళి సాయంత్రం బస్సులో తిరిగి వచ్చేదాన్ని. నా తరగతిలో కొన్ని నియమాలుండేవి. నోటుపుస్తకంలో ఎడమవైపు మార్జిను తప్పనిసరి. పాఠం పేరు కింద రెండు గీతలు స్కేలుతో గీయాలి. చీటీ లేకుండా ఎవరూ గేటు దాటకూడదు. అన్నిటికంటె ముఖ్యమైనది, నల్లబల్లమీద నేను రాసినది రాసినట్టుగా, ఒక్క కామా కూడా జారిపోకుండా, పిల్లల పుస్తకాలలోకి ఎక్కాలి. ఎక్కేది. దానిని నేను క్రమశిక్షణ అనుకునేదాన్ని. ఇప్పటికీ సగం అలాగే అనుకుంటున్నాను. మిగిలిన సగం ఏమైందో చెప్పడానికే ఈ ప్రయత్నం.

రెండువేల సంవత్సరం దాటిన ఐదారేళ్ళకు మా బడికి పది కంప్యూటర్లు వచ్చాయి. ప్రధానోపాధ్యాయులు చాలా జాగ్రత్తపరులు. ప్రతి యంత్రానికీ కొలత తీసి గుడ్డ తొడుగు కుట్టించారు. గదికి తాళం వేసి, చెవి తమ చొక్కా జేబులో ఉంచుకున్నారు. చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలన్నారు గాని, లోపలికి పోవడానికే ఎవరికీ అనుమతి లేదు. ఏడాదికొకసారి ఆయుధపూజ నాడు కుంకుమ బొట్టు పెట్టించుకోవడం తప్ప రెండేళ్ళపాటు ఆ యంత్రాలకు వేరే ఉద్యోగం లేదు.

అప్పుడు పైకార్యాలయం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. బోధనలో వాడని కంప్యూటర్లను హిందూపురంలో మరొక పాఠశాలకు తరలిస్తామనీ, ఫిబ్రవరిలో ఒక అధికారి తనిఖీకి వస్తారనీ, ఏదైనా మామూలు పాఠ్యవిషయంలో పిల్లలు తమంతట తామే కంప్యూటరుమీద ఒక ప్రాజెక్టు చేసి చూపితే యంత్రాలు ఉంటాయనీ, లేకుంటే లారీ వస్తుందనీ దాని సారాంశం.

ఉపాధ్యాయుల సమావేశంలో ఉత్తరం చదివి వినిపించాక ఎవరి కారణం వారు చెప్పుకున్నారు. సైన్సు వారికి పరీక్షలున్నాయి. ఇంగ్లీషు వారికి నడుమునొప్పి ఉంది. ప్రధానోపాధ్యాయులైతే, పోతే పోనీలెండి, తాళంచెవి మోసే బాధ తప్పుతుందన్నారు. మడకశిర వైపునుంచి వచ్చిన యువకుడు, మా లెక్కల మాస్టారు, నావైపు చూసి అన్నాడు: "ధర్మవరంలో పదిరోజులు శిక్షణకు పోయొచ్చింది మేడమే కదా సార్. ఆ భత్యం అరగకముందే ఏమన్నా చేస్తారేమో అడగండి."

నిజమే, పోయాను. ఎవరూ ఒప్పుకోకపోతే అందరిలోకీ పెద్దదాన్ని నన్ను పంపారు. ధర్మవరంలో నా సగం వయస్సు కూడా లేని కుర్రవాడు నాకు మౌస్ పట్టుకోవడం నేర్పాడు. అతడు చెప్పిన పద్ధతి ఒకటి నాకు నచ్చింది. ఉపాధ్యాయుడు ముందుగానే కొన్ని పేజీలు తయారుచేసి కంప్యూటరులో పెడతాడు. పని ఏమిటో, ఇంటర్నెట్టులో ఎక్కడ వెదకాలో, దొరికినదానితో ఏమి చేయాలో ఆ పేజీలే చెబుతాయి. పిల్లలు జట్లుగా కూర్చుని చేసుకుంటారు. ఉపాధ్యాయుడు నోరు మెదపడు. ఈ చివరి నియమాన్ని నేను నోటుపుస్తకంలో రాసుకున్నాను గాని అర్థం చేసుకోలేదు.

నేను ఒప్పుకున్నది లెక్కల మాస్టారి ఎత్తిపొడుపువల్ల కాదు. హిందూపురంలో మా వీధి చివరనే రెండు కంప్యూటరు దుకాణాలుండేవి. అక్కడి పిల్లవాడు కావాలనుకుంటే తాకగలడు. ఎర్రమంచి నుంచి నడిచి వచ్చే మా పిల్లలకు, హాస్టలులో ఉండి చదువుకునే మా పిల్లలకు ఈ పది తప్ప పదకొండవది ఎక్కడా లేదు. ఆ లారీ వస్తే, పదవ తరగతి దాటేవరకూ వారికి కంప్యూటరు అంటే గుడ్డ తొడుగే.

రెండు నెలలు శ్రమించాను. తొమ్మిదవ తరగతి, నలభైమంది, యంత్రానికి నలుగురు. ఒకరు వెదకాలి, ఒకరు రాయాలి, ఒకరు టైపు చేయాలి, ఒకరు ఎక్కడ దొరికిందో నమోదు చేయాలి. తెలుగు అక్షరాలు ఏ మీటకింద ఉన్నాయో చార్టు గీసి గోడకు అంటించాను. ప్రాజెక్టు పేరు 'మా ఊరి వ్యాపారం'. పేజీలలో పందొమ్మిది సూచనలు వరుస సంఖ్యలతో రాశాను. సందేహానికి తావు ఉండకూడదని, చివరి పేజీలో ఒక మాదిరి వ్యాసం కూడా చేర్చాను. మా హిందూపురం బెల్లం మండీని గురించి, మా ఇంటినుంచి మొదలుపెట్టి, మూడు పేరాలు. దానికి నేనే మురిసిపోయాను.

డిసెంబరులో మొదటి అభ్యాసం జరిగింది. నలభైమంది తలలు వంచుకుని, చిన్న శబ్దం లేకుండా, రెండు పీరియడ్లు పని చేశారు. తలుపు దగ్గర నిలబడి చూస్తూ నేను గర్వపడ్డాను. సాయంత్రం బస్సులో కూర్చుని పది జట్ల కాగితాలు తీశాను. మొదటిది 'మా ఇల్లు హిందూపురంలో బెల్లం మండీ వెనుక ఉన్నది' అని మొదలయింది. రెండవదీ అంతే. మూడవదీ అంతే. సోమందేపల్లి దాటేసరికి పదీ చూశాను. నా మూడు పేరాలూ, నా కామాలతో సహా, పది చేతిరాతలలో ఉన్నాయి.

మరునాడు ముందు బల్లలో కూర్చునే ఎర్రమంచి అమ్మాయిని లేపి, ఇల్లు ఎక్కడ అని అడిగాను. ఎర్రమంచి అన్నది. మరి కాగితంలో హిందూపురం అని ఎందుకు రాశావన్నాను.

"మీరే రాసినారు కదా మేడం," అన్నది ఆ పిల్ల, ఏమాత్రం భయం లేకుండా. "మీరు రాసింది తప్పెట్లయితాది?"

నేను ఆమెను కూర్చోమన్నాను.

స్టాఫ్ రూములో ఈ సంగతి దాచగలననుకున్నాను. లెక్కల మాస్టారు భోజనం డబ్బా మూత తీస్తూనే, నా వీధి జనాభా ఒక్కపూటలో నలభై పెరిగిందనీ, మునిసిపాలిటీకి తెలియజేయడం మంచిదనీ అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వు ముగిశాక అతడు నెమ్మదిగా చెప్పిన మాట మాత్రం నాకు గుచ్చుకుంది. "పిల్లోళ్ళు చెడిపోలేదు మేడం. మీరు ఇన్నేండ్లు నేర్పిందే చేసినారు. చెప్పకుండా ఉండగలరేమో చూడండి."

మాదిరి వ్యాసం చెరిపివేశాను. పందొమ్మిది సూచనలలో పదిహేను తీసివేశాను. తీసివేసిన ప్రతిదీ ఒక పన్ను పీకించుకున్నట్టుండింది. మిగిలిన నాలుగూ పేజీకొకటి. మొదటిదానిలో ఒక ప్రశ్న. రెండవదానిలో ఇంటర్నెట్టులో వెదకవలసిన చోట్లు. మూడవదానిలో, అక్కడ దొరకకపోయినా, దొరికినది సరికాదని తోచినా, తెలిసినవారి దగ్గరికి వెళ్ళి అడగండి అని. నాలుగవదానిలో, ప్రతి సంగతి కిందా అది ఎవరు చెప్పారో, వారిది ఏ ఊరో రాయండి అని.

అయినా రెండవ అభ్యాసం చెడిపోయింది. చెడగొట్టింది నేనే. ఒక జట్టు పొరబడుతుంటే వెళ్ళి సరిదిద్దాను. ఇంకొక జట్టు పోట్లాడుకుంటుంటే తీర్పు చెప్పాను. అరగంటకు నలభై ముఖాలూ తెరలను వదిలి నావైపు తిరిగాయి. లెక్కల మాస్టారు ఒక ఉపాయం ఆలోచించాడు. గది బయట వరండాలో, కిటికీ పక్కన, నాకొక బెంచీ వేయించాడు. ప్రాజెక్టు జరిగేటప్పుడు పెద్దవాళ్ళెవరూ లోపలికి పోకూడదని, నేను పోబోయినా ఆపాలని మా అటెండరుకు నాచేతనే ఆజ్ఞ ఇప్పించాడు. అటెండరు ఆజ్ఞలను అక్షరాలా పాటించే మనిషి. మూడవ అభ్యాసంలో నేను రెండుసార్లు లేచాను. రెండుసార్లూ ఆయన తలుపుకు అడ్డంగా చెయ్యి చాచాడు. "మీరు రాకూడదని మీరే చెప్పినారమ్మా," అన్నాడు. నేను కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకున్నాను. ఆ రోజు దిద్దినంత కఠినంగా ఎప్పుడూ దిద్దలేదు.

జనవరి నెలంతా లోపల గోల, పోట్లాట, బల్లలు జరిపిన చప్పుడు. నెలాఖరుకు పది కాగితాలలో పది ఊళ్ళు కనిపించాయి. ఒకదానిలోనూ నేను లేను.

తనిఖీ రోజు వచ్చింది. ఆ రోజు కరెంటు పోలేదు. అది మా ప్రతిభ కాదు. అధికారి కోస్తా జిల్లాల వారు, మాకు కొత్త. జీపు దిగి, కొబ్బరినీళ్ళు వద్దని, నేరుగా కంప్యూటరు గదికి నడిచారు. ఆయన వెనుక ప్రధానోపాధ్యాయులు. తలుపు దగ్గర అటెండరు చెయ్యి చాచాడు.

"పెద్దోళ్ళు లోపలికి పోకూడదు సారూ. పిల్లోళ్ళు పని చేస్తాండారు."

ప్రధానోపాధ్యాయులు ఆ చేతిని పక్కకు తోయబోయారు. నేను లేచి జరిగినదంతా విన్నవించుకున్నాను. అధికారి నవ్వలేదు, కోపగించుకోలేదు. ప్రశ్న ఇచ్చి బయటికి వస్తానని అటెండరును అడిగి, అనుమతి తీసుకుని, లోపలికి వెళ్ళారు.

ముందుగా సిద్ధం చేసినవి చూడనన్నారు. పొద్దున జీపులో వస్తుంటే పంట కోసిన ఒక బీడు చేనిలో, చుట్టూ వల కట్టి, వందలాది గొర్రెలను నిలిపి ఉంచడం చూశారట. "అక్కడ మేపడానికి గడ్డి పోచ లేదు. మరి ఎందుకు నిలిపారు? ఎవరు ఎవరికి ఏమి ఇస్తారు? మధ్యాహ్నం గంట కొట్టేలోగా మీ పద్ధతిలోనే కనుక్కుని చెప్పండి," అన్నారు. బయటికి వచ్చి నా బెంచీమీదే, రెండవ చివర కూర్చున్నారు.

కిటికీ తెరిచే ఉంది. అన్నీ వినిపిస్తున్నాయి. టెలిఫోను తీగమీద వచ్చే ఇంటర్నెట్టు ఎంత నిదానమో ఆనాటివారికి తెలుసు. ముప్పావు గంటకు ఒక జట్టు ఒక ఇంగ్లీషు పేజీ పట్టింది. నిఘంటువు తిప్పి అర్థం చేసుకున్నారు. గొర్రెలవాళ్ళు భూమి యజమానికి అద్దె చెల్లించి మందను నిలుపుతారని అందులో ఉన్నది. మిగిలిన జట్లు హమ్మయ్య అని అదే రాసుకోసాగాయి. నా పక్కన అధికారి తల ఊపారు. ఆయన కూడా అలాగే ఊహించారని నాకు అర్థమయింది. మంద పడుకున్న చేనికి గొర్రెల పెంటికలే ఎరువన్న సంగతి నాకు తెలుసు. ఎవరు ఎవరికి ఇస్తారో మాత్రం, అన్నేళ్ళు ఆ చేలపక్కనుంచే రైలులో తిరిగిన నాకు తెలియదు.

అప్పుడు ఒక గొంతు వినిపించింది. ఎవరిదో నేను గుర్తుపట్టలేకపోయాను. ఎందుకంటే ఆ పిల్ల నా తరగతిలో ఎనిమిది నెలలుగా నోరు విప్పలేదు. కనగానపల్లి దగ్గరి పల్లెనుంచి వచ్చి హాస్టలులో ఉండే అమ్మాయి. గొర్రెలు కాచుకునే కుటుంబం.

"ఇది ఈడిది కాదు," అన్నది ఆ పిల్ల. "ఈడ రైతే గొర్లోళ్ళకు ఇస్తాడు."

అయితే అదే టైపు చెయ్యమని జట్టులో ఎవరో అన్నారు. దానికి ఆ పిల్ల ఒప్పుకోలేదు. తాను చూసింది కాదట, ఇంట్లో విన్నదేనట. ఎంత ఇస్తారో, ఎన్ని దినాలో తనకు తెలియదట. ఎవరు చెప్పారని కింద రాయాలి, తన పేరు రాస్తే అది అబద్ధమవుతుందని వాదించింది. కొండకింద చేలలో మంద ఉన్నది, పోయి అడిగి వద్దామన్నది.

నలుగురూ బయటికి వచ్చారు. నా ముందునుంచే, చీటీ లేకుండా, గేటువైపు నడిచారు. ప్రధానోపాధ్యాయులు ఆఫీసు గదినుంచి పరుగున వచ్చి, తనిఖీ రోజున పిల్లలు బడి వదిలి పోతున్నారు, వెనక్కి పిలవండని నన్ను బతిమాలారు. పిల్లల వెనకాలే గేటు దాకా పోయిన అటెండరు అక్కడ ఆగి నావైపు చూశాడు. అధికారి గడియారం చూసుకున్నారు. పిలిస్తే ఆగుతారు. ఆగి, అద్దె అని రాసి, సరిగ్గా సమయానికి తప్పు జవాబు ఇస్తారు, నా బెల్లం మండీ ఇచ్చినట్టే. తెలిసినవారి దగ్గరికి వెళ్ళండి అన్న మూడవ పేజీ రాసినది నేనే.

అటెండరుకు తల ఊపాను. గేటు తెరుచుకుంది. నా ఉద్యోగంలో అంతకంటె బరువైన పని నేను చేసినట్టు గుర్తు లేదు.

గంట కొట్టడానికి పావుగంట ఉందనగా తిరిగి వచ్చారు. నలుగురు పోయి ఐదుగురు వచ్చారు. ఐదవ మనిషి భుజంమీద కంబళి, చేతిలో కర్ర ఉన్న గొర్రెల కాపరి. గుక్క తిప్పుకుంటూ తలుపు దగ్గరికి వచ్చేసరికి అటెండరు చెయ్యి మళ్ళీ చాచుకుంది.

"నేనై నేను రాలేదప్పా," అన్నాడు కాపరి. "ఈ పిల్లోళ్ళు పిల్చుకొస్తే వచ్చినా. పొమ్మంటే పోతా. ఆడ గొర్లకాడ మా తమ్ముడొక్కడే ఉండాడు."

కనగానపల్లి అమ్మాయి వెనుదిరిగింది. "మూడో పేజీలో అడగమనింది ఈయప్పనే అన్నా. ఈయప్ప పెద్దోళ్ళ లెక్కలోకి రాడు."

అటెండరు కొంత ఆలోచించి చెయ్యి దించాడు. అధికారి లేచి కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డారు. నేనూ లేచాను. గదిలోకి కాదు, కిటికీ దగ్గరికే.

కాపరిని కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన చెబుతుంటే ఒకరు రాశారు, ఒకరు టైపు చేశారు. చదువు రాదన్నందున ఆ అమ్మాయి తెరమీదిది పైకి చదివి వినిపించింది. రైతు కాపరికి కూలి ఇస్తాడన్న చోట ఆయన కర్ర నేలమీద తట్టాడు.

"కూలి కాదు పాపా. కూలికి పోయేది వేరే. నా గొర్లు నాలుగు రాత్రులు పండుకుంటే వాని చేనుకు మూడేండ్లు సత్తువ. దానికి రాగులు కొలుస్తాడు, ఉండేన్ని దినాలు సంగటి పెడతాడు. దుడ్లిస్తే దుడ్లు. వాడే వచ్చి పిల్చుకొని పోతాడు మమ్మల్ని. కూలి అని రాస్తే నా మర్యాద యాడుంటాది?"

ఆ అమ్మాయి ఆ వాక్యం తీసివేయించింది. ఆయన మాటలే పెట్టించి మళ్ళీ చదివింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. "ఇప్పుడు సరిపాయ," అన్నాడు. మిగిలిన తొమ్మిది జట్లూ అప్పటికే తమ కాగితాలలో అద్దె కొట్టివేస్తున్నాయి. కింద చెప్పినవారి పేరు, ఊరు కోసం ఒకరి మీదుగా ఒకరు వంగి ఆయననే అడుగుతున్నారు. గంట మోగింది. ఎవరూ లేవలేదు.

అధికారి నన్ను అడిగారు, ఈ పాఠంలో నేను చెప్పినదేమిటని.

"ఏమీ చెప్పలేదండి. బయట కూర్చున్నాను," అన్నాను.

"అది చూశాను. ఎన్నాళ్ళు పట్టింది?"

"కూర్చోవడం నేర్చుకోవడానికి రెండు నెలలండి."

ఆయన మొదటిసారి నవ్వారు. ప్రధానోపాధ్యాయుల దగ్గర ఫైలు తీసుకుని, తరలింపు కాగితం కింద, యంత్రాలు వాడుకలో ఉన్నవి, కదల్చరాదు అని రాసి సంతకం చేశారు. ప్రధానోపాధ్యాయులు ఆ వాక్యాన్ని రెండుసార్లు పైకి చదివారు. రెండవసారి చదివింది లెక్కల మాస్టారి కోసం. ఎందుకంటే అతడు అప్పటికే తన పదవ తరగతికి ఆ గది సోమవారం కావాలని అడుగుతున్నాడు.

కొత్తగా బడికి వచ్చిన వారలారా, మీరు మంచి మాదిరి వ్యాసాలు రాయగలరని నాకు తెలుసు. రాసి మీ దగ్గరే ఉంచుకోండి. క్రమం విడిచిపెట్టమని నేను చెప్పడం లేదు, మార్జిను ఇప్పటికీ గీయించవలసిందే. పిల్లలు తమ నియమానికి తామే కట్టుబడి, మనం అడ్డం వచ్చినా ఆగకుండా గేటు దాటేటప్పుడు, అది క్రమం తప్పడం కాదని మాత్రం తెలుసుకోండి. దానికంటె గట్టి క్రమశిక్షణ నేను ముప్పై ఏళ్ళలో చూడలేదు.

అధికారి జీపు ఎక్కగానే కనగానపల్లి అమ్మాయి కాగితం, పెన్ను పట్టుకుని వరండా మెట్లు దిగి పరుగెత్తింది. ఏదో దీవెన అడుగుతుందనుకుని ఆయన చెయ్యి ఎత్తారు.

"సార్, మీ పేరు, ఊరు చెప్పండి. ప్రశ్న అడిగినవారు ఎవరో రాయాల."

ఆయన ఎత్తిన చెయ్యి దించి, జీపు దిగి, నిటారుగా నిలబడి చెప్పారు. ఆ ఊరు మావాళ్ళెవరూ విననిది.

"ఇంకొకసారి చెప్పండి సార్," అన్నది ఆ పిల్ల, తల ఎత్తకుండానే. "నిదానంగా."